దుబాయ్ రోడ్డు మీద ఎదురొచ్చినవాళ్లు

నలభై ఆరేళ్ల వయసులో శంషాబాద్ నుంచి దుబాయ్ దాకా పోయి నలభై రెండు కిలోమీటర్లు ఎందుకు పరుగెత్తావని అడిగినవాళ్లందరికీ నేను చెప్పే జవాబు ఒకటే, షుగర్. అది అబద్ధం కాదు, సగం నిజం. అంతకు మూడేళ్ల ముందు దవాఖానలో డాక్టరమ్మ నా రక్తపరీక్ష చూసి, మాత్రలు మొదలుపెడతారా, నడక మొదలుపెడతారా అని అడిగింది. నడకే నయమన్నాను. ఆ నడక కొన్ని నెలలకు పరుగైంది. దాన్ని పరుగు అనడం కూడా మర్యాద కోసమే. నిదానమే ప్రధానం అని పెద్దలు ఎవరిని చూసి అన్నారో తెలియదుగానీ, ఆ మాట నాకు కొలత తీసి కుట్టినట్టు సరిపోతుంది. మా వీధి కుక్కలు మొదటివారం నన్ను తరిమాయి. తరవాత, దీన్ని తరిమితే మనకే పరువు తక్కువ అనుకున్నాయో ఏమో, పడుకున్నచోటి నుంచి లేవడం కూడా మానేశాయి.

మిగతా సగం చెప్పాలంటే మా ఇళ్లలోని ఒక పద్ధతి చెప్పాలి. ఎవరైనా మంచి పని మీద బయలుదేరితే, ఇంట్లో ముత్తైదువ నిండు బిందె పట్టుకొని ముందుగా వీధిలోకి పోయి, అక్కడి నుంచి తిరిగి, బయలుదేరిన మనిషికి ఎదురుగా నడిచి వస్తుంది. ఎవరు ఎదురొస్తే పని అవుతుందో, ఎవరొస్తే చెడుతుందో ఊళ్లో అందరికీ నోటికి వచ్చు. నాకు పిల్లలు లేరు. అందుకని నేను రాకూడనివాళ్లలో ఉన్నాను. పెళ్లయిన ఆరేళ్లకో ఏడేళ్లకో మా అత్త ఒకరోజు, గొంతులో కోపం కూడా లేకుండా, "జర లోపలికి పో బిడ్డా, వాడు బయలెల్లుతున్నడు" అంది. అప్పటి నుంచి మా ఆయన జంగయ్య ఎప్పుడు అంగడికి బయలుదేరినా పక్కింటి లచ్చమ్మ బిందెతో ఎదురొచ్చేది. నేను వంటింట్లో ఏదో ఒక గిన్నె కడుగుతుండేదాన్ని. అత్త పోయి చాలాకాలమైంది. గిన్నె కడగడం మాత్రం ఆగలేదు. ఎదురు రావద్దని మా ఆయన నాతో ఒక్కనాడూ అనలేదు. రమ్మని కూడా అనలేదు.

నేను పంతులమ్మను. బళ్లో మూఢనమ్మకాల మీద వ్యాసం రాయించేది నేనే. పిల్లలు చక్కగా రాస్తారు, నేను మంచి మార్కులు వేస్తాను, ఇంటికొచ్చి గిన్నె కడుగుతాను.

మా మెట్టభూమి, మేం చెలక అంటాం, ఏర్‌పోర్టు కట్టినప్పుడు దాని గోడ లోపలికి పోయింది. ఆ తరవాత మా ఆయన బర్లను కొన్నాడు. తెల్లవారుజామునే పాలు పిండి, మోపెడ్‌కు క్యాన్లు కట్టుకొని, రోడ్డు పొడుగునా ఉన్న హోటళ్లకు పోసి వస్తాడు. ఆయన బయలుదేరేటప్పుడు నేను కంటపడకూడదని ఇంటి వెనక సందులోంచి పరుగు మొదలుపెట్టేదాన్ని. తెల్లవారాక ఏర్‌పోర్టుకు పోయే నున్నటి రోడ్డు పక్కన ఆయన ఖాళీ క్యాన్లతో తిరిగి వస్తూ కనిపించేవాడు. తిరిగి వచ్చేవాళ్లకు శకునంతో పని లేదు కాబట్టి అప్పుడు ఎదురుపడినా ఫరవాలేదు. ఆయన ఆగడు, హారన్ కొట్టడు, రోడ్డు మీంచి చూపు ఎత్తడు. ట్రాక్ ప్యాంటు వేసుకొని రోడ్డున పడి ఉరికే పెళ్లాం గురించి హోటళ్లలో ఏమంటారో నాకు తెలియనిది కాదు.

ఒకరోజు ఇస్త్రీ చొక్కా వేసుకున్న మా ఊరి మనిషి ఒకాయన, ఏదో ముఖ్యమైన పని మీదే అయి ఉంటుంది, నేను వస్తుంటే చూసి బండి ఆపాడు. పక్కకు ఉమ్మి, బండి వెనక్కి తిప్పుకొని పోయాడు. ఆ రోజు నాకు ఇక అడుగు సాగలేదు. ఏర్‌పోర్టు గోడ పక్కన, అటువైపు మా చెలక ఉంటుందని నేను అనుకునేచోట కూర్చొని ఏడ్చాను. ఎవరికీ పక్కకు తప్పుకోనక్కర్లేని రోడ్డు మీద ఒక్కసారి, కడదాకా పరుగెత్తాలని అనిపించింది ఆ రోజే.

ఆదివారాలు నగరం నుంచి కార్లలో వచ్చి మా రోడ్డు మీద పరుగెత్తే గుంపు ఒకటి ఉండేది. వాళ్ల వెనకాల, ఎప్పుడూ వెనకాలే, నేను ఒక వారం మైలార్‌దేవ్‌పల్లి దాకా, ఒక వారం షాద్‌నగర్ వైపు పోయి వచ్చేదాన్ని. బుద్వేల్ నా పుట్టినూరు. అక్కడి దాకా పరుగెత్తిన రోజు తెలిసినవాళ్లు చూడకుండా టోపీ కిందికి లాక్కునేదాన్ని. దుబాయ్ మారథాన్ మాట తెచ్చింది ఆ గుంపే. రోడ్డు బల్లపరుపు, జనవరిలో ఎండ తక్కువ, చివరివాళ్ల కోసం ఏడు గంటలు ఆగుతారు, మీలాంటి నెమ్మది మనిషికి ఇదే సరైనది అన్నారు. అయిదుగురం పేర్లు ఇచ్చాం. ఒకరికి ఆఫీసు, ఒకరికి మోకాలు, ఒకరింట్లో పెళ్లి, ఇంకొకరు ఏ కారణమూ చెప్పలేదు. నలుగురితో నారాయణ అనుకున్నదాన్ని ఒక్కదాన్నే మిగిలాను. ఇది 2012 నాటి మాట. టికెట్టు, ఏజెంటు ద్వారా వీసా, మూడు రాత్రుల గది అన్నీ కలిపి నలభై వేల పైచిలుకు అయింది, రెండేళ్లు ట్యూషన్లు చెప్పి దాచుకున్నది. మా ఆయనకు చెబితే గడ్డి సర్దుతూనే, "ఎన్నొద్దులు?" అన్నాడు. నాలుగు రోజులు అన్నాను. అంతే.

విమానం పొద్దున పది గంటలకు. విదేశాలకు పోయేవాళ్లు మూడు గంటల ముందు చేరాలి కాబట్టి ఆరున్నరకు కారు చెప్పుకున్నాను. శంషాబాద్ నుంచి టెర్మినల్‌కు కారులో పది పదిహేను నిమిషాలు చాలు, అప్పట్లో కిరాయి మూడు వందలు. ఆటోలను లోపలికి రానివ్వరు, ఆ భ్రమ పెట్టుకోకండి. మా ఆయన పాలు పోసి వచ్చి కొట్టంలో క్యాన్లు కడుగుతున్నాడు. నేను సంచి భుజానికి వేసుకొని వాకిట్లో నిలబడ్డాను, కావలసినదానికంటే కొంచెం ఎక్కువసేపే. ఎవరైనా నాకు ఎదురొస్తారేమో అని. ఆయనే ఒక చెంబు నీళ్లు పట్టుకొని వీధిలోకి పోయి వస్తే ఎంత బాగుండు అని. మగవాళ్లు అట్లా రారు, నాకు తెలుసు. ఆయన తల తిప్పకుండా "పైలం" అన్నాడు, జాగ్రత్త అని. నేను కారెక్కాను.

డ్రైవర్ మల్లేశ్ మా ఊరివాడే. వాళ్ల పొలం కూడా గోడ లోపలే ఉంది.

"పంతులమ్మా, దుబాయ్‌ల ఏం పని దొరికింది?" అన్నాడు.

"పని కాదు మల్లేశ్, ఉరకనీకి పోతున్న."

"ఎవరెనక?"

"ఎవరెనక లేదు. ఊరికే."

వాడు అద్దంలో నన్ను ఒకసారి చూశాడు. "ఊరికే ఉరకనీకి మన రోడ్డు లేదా అక్కా? గంత కిరాయి పెట్టి ఆడికి పోవాల్నా? మా అన్న ఎనిమిదేండ్ల సంది ఆడనే ఉన్నడు. ఇంటికి ఉరికొద్దామంటే సేటు పాస్‌పోర్టు ఇస్తలేడు."

దించేటప్పుడు కిరాయి తీసుకొని, "మంచిగ ఉరుకు అక్కా" అన్నాడు. ఇంటి నుంచి బయలుదేరాక నాకు అందిన మొదటి మంచిమాట అది.

టెర్మినల్ బయట, లోపలికి పోయే తలుపుల దగ్గర, ఒక జీపెడు మంది ఒక మనిషిని సాగనంపుతున్నారు. మెడలో బంతిపూల దండ, చేతిలో తాళ్లతో కట్టిన పెట్టె, చుట్టూ ఏడుపులు. ఎదురు రావడానికి బిందె ఎక్కడి నుంచి వస్తుంది? అతని భార్య నీళ్ల సీసా ఒకటి రెండు చేతులా పట్టుకొని, కొంచెం దూరం పోయి, సామాను బండ్ల మధ్య నుంచి అతనికి ఎదురుగా నడిచి వచ్చింది. బిందె లేకపోతే సీసా. పద్ధతి మాత్రం తప్పకూడదు. నాకు నవ్వొచ్చింది. వెంటనే నేను ఎక్కడున్నానో చూసుకున్నాను. అతను నడిచే దారిలోనే, అతనికి సరిగ్గా ఎదురుగా ఉన్నాను. ఎవరూ నన్ను తప్పుకోమనలేదు, వాళ్లకు నేనెవరో కూడా తెలియదు. అయినా గబగబా పోయి ఒక స్తంభం వెనక నిలబడ్డాను, అతను లోపలికి పోయేదాకా. దుబాయ్‌కి నేను వెంట తీసుకుపోతున్న అసలు సామాను ఇదేనని అప్పుడు తెలిసింది.

లోపల ముద్ర వేసే అధికారి ఏం పని మీద పోతున్నారని అడిగాడు. మారథాన్ అన్నాను. నా తల నుంచి కాలిదాకా చూసి, "మీరా?" అన్నాడు. నేనే అన్నాను. నవ్వుతూ ముద్ర వేశాడు. విమానం లేచేటప్పుడు కిటికీకి ముఖం ఆనించి చూశాను. గోడ కనిపించింది, గోడ లోపల గడ్డి కనిపించింది. మా చెలక ఏదో తెలియలేదు. ఇరవై ఏళ్లు సద్ది మోసిన దారి నాకు కళ్లు మూసుకున్నా తెలుసనుకున్నాను, పైనుంచి చూస్తే అంతా ఒకటే బయలు.

నాలుగు గంటల ప్రయాణం. గడియారం గంటన్నర వెనక్కి తిప్పుకోవాలి. మన తిండి దొరుకుతుందని బర్ దుబాయ్‌లో గది తీసుకున్నాను. పరుగు ముందురోజు పోయి ఛాతీకి పెట్టుకునే నంబరు తెచ్చుకోవాలి. మెట్రోలో పోవచ్చు, చవక. అక్కడ అందరూ జంటలుగా, గుంపులుగా ఫొటోలు దిగుతున్నారు. ఒక జంట నా చేతికి కెమెరా ఇచ్చి తమను ఫొటో తీయమంది. తీసి ఇచ్చాను. నన్ను తీయమని అడగబోయి ఊరుకున్నాను, ఎవరికి చూపించాలి? సాయంత్రం గదిలో ఇంటి నుంచి తెచ్చుకున్న జొన్నరొట్టెలు, పల్లిపొడి తిన్నాను. ఒంటరితనం అంటే ఇంట్లో నాకు తెలియనిది కాదు. కానీ ఇంట్లో దానికి బర్ల చప్పుడు తోడుండేది. ఇక్కడ ఏసీ చప్పుడు ఒక్కటే.

పరుగు శుక్రవారం పొద్దున ఏడింటికి. శుక్రవారం అక్కడ సెలవు, పొద్దుటిపూట మెట్రో నడవదు. ఇది ముందే తెలుసుకోకపోతే కొంప మునుగుతుంది. లాడ్జివాళ్లతో టాక్సీ చెప్పించుకున్నాను, నలభై దిర్హాములు అయింది. డ్రైవరు పెషావర్ వైపు పెద్దమనిషి. మన హైదరాబాద్ ఉర్దూ ఆయనకు వింతగా ఉందట, నేను మాట్లాడినప్పుడల్లా నవ్వాడు. "బాజీ" అని, అంటే అక్కా అని పిలిచి, "పరుగు అయ్యేచోట మీవాళ్లు ఎవరైనా ఉంటారా?" అని అడిగాడు. లేరన్నాను. ఆయన రేడియో గొంతు కాస్త పెంచాడు.

పరుగు మొదలైన పది నిమిషాలకే నా చుట్టూ ఉన్న జనం ముందుకు వెళ్లిపోయారు. అది మామూలే. ఆ ఏడాది దారి ఎట్లాగంటే, సముద్రం ఒడ్డునే రోడ్డుకు ఒకవైపు పోయి, దూరాన ఒకచోట మలుపు తిరిగి, రెండోవైపు నుంచి అదే రోడ్డున వెనక్కి రావాలి. నడుమ వరసగా ఎర్ర డబ్బాలు పెట్టారు. నేను ఇంకా ముందుకు పోతూనే ఉన్నాను, గెలిచేవాళ్లు అప్పుడే తిరిగి వస్తున్నారు. సన్నటి ఆఫ్రికా మనుషులు, అడుగు నేలకు ఆనిందో లేదో అన్నట్టు వచ్చి పోయారు. వాళ్ల తరవాత ఒకరిద్దరు, తరవాత పదిమంది, ఆ తరవాత జనమే జనం. అందరూ నాకు ఎదురుగా వస్తున్నారు.

అప్పటిదాకా నాకు తట్టలేదు. పుట్టి బుద్ధెరిగాక నాకు ఒక్కరంటే ఒక్కరు ఎదురు రాలేదని వాకిట్లో నిలబడి బాధపడ్డాను కదా, ఇప్పుడు వేలమంది వస్తున్నారు. ఆడవాళ్లు, ముసలివాళ్లు, ఒక్క కాలితో కర్రల మీద వచ్చే అతను, పెళ్లికూతురి వేషం వేసుకున్న ఒక పిల్ల. కొందరు చెయ్యి ఊపారు, కొందరు బాగా పరుగెత్తుతున్నావన్నారు, అబద్ధమైనా సరే. నాకు నవ్వాగలేదు. నెమ్మదిగా పరుగెత్తేవాళ్లకు మాత్రమే దొరికే వైభవం ఇది. ముందున్నవాళ్లకు ఖాళీ రోడ్డే ఎదురొస్తుంది.

ఆ నవ్వులోనే ఇంకో సంగతి కూడా తట్టింది. వాళ్లు నాకు ఎదురొస్తుంటే నేనూ వాళ్లకు ఎదురుపోతున్నట్టే. ఇన్నివేల మందికి. ఒక్కరూ ఆగలేదు, ఒక్కరూ ఉమ్మలేదు. వీళ్లకు తెలియదు కాబట్టి అనుకున్నాను. తెలియకపోతే తగలదా అని కూడా అనుకున్నాను. పంతులమ్మనేగానీ, ఇరవై ఏళ్ల అలవాటు పాఠాలు చదివి పోదు.

మలుపు దగ్గరికి వచ్చేసరికి ఎదురొచ్చేవాళ్లు అయిపోయారు. అక్కడ ఒక డబ్బా, ఒక జెండా, కుర్చీలో ఒక మనిషి. చుట్టూ తిరిగి వెనక్కి మళ్లాను. ఇప్పుడు అవతలివైపు ఖాళీ. నా వెనక ఇక ఎవరూ లేరనే అనుకున్నాను. కొంత దూరం వచ్చాక అవతలివైపు ఒక పచ్చటోపీ కనిపించింది. అరవై దాటిన మనిషి, బొజ్జ, ఒక కాలు ఈడుస్తున్నాడు. ఆయన వెనకాలే, పరుగు వదిలేసినవాళ్లను ఎక్కించుకునే బండి చాలా నెమ్మదిగా వస్తోంది. ఆయన చివరివాడు. అప్పటికే విసిగిపోయిన ముఖంతో నా వైపే వస్తున్నాడు, నేను ఆయన వైపే పోతున్నాను. ఊళ్లో అయితే వెనక సందు ఉండేది, ఏర్‌పోర్టులో స్తంభం దొరికింది. ఇక్కడ ఒకపక్క డబ్బాలు, ఇంకోపక్క కంచె. తప్పుకునే చోటే లేదు. తల దించుకొని, కంచెకు ఆనుకొని నడవసాగాను.

ఆయన నన్ను చూసి ఆగాడు. రెండు చేతులూ పైకెత్తి, మలుపు ఎంత దూరమని ఇంగ్లీషులో అరిచాడు. దగ్గరే, అదిగో అన్నాను. ఆయన చెయ్యి గుండెల మీద పెట్టుకొని తల వంచి ముందుకు పోయాడు. నేను వెనక్కి తిరిగి తిరిగి చూశాను. ఈ మనిషి పూర్తి చేయాలి, నేను పూర్తి చేయకపోయినా ఫరవాలేదు అనుకున్నాను. నేను ఎదురొచ్చిన మనిషి గమ్యం చేరితే అత్త మాట అబద్ధం. చేరకపోతే, నేను ఎన్ని వ్యాసాలు దిద్దినా, జీవితాంతం గిన్నె కడుగుతూనే ఉంటాను.

ఆ తరవాతి గంటలు ఎట్లా గడిచాయో సరిగా చెప్పలేను. పిక్కలు పట్టేశాయి, ఎండ ఎక్కింది, సముద్రం పక్కనే ఉన్నా గాలి లేదు. నీళ్ల బల్లలు ఎత్తేస్తున్నారు. ఒకచోట ఖాళీ సీసాలు ఏరుతున్న మనిషి నా బొట్టు చూశాడో, "అయ్యో అవ్వా" అన్న నా మూలుగు విన్నాడో, పరుగున వచ్చాడు.

"తెలుగోళ్లా అక్కా? ఏ ఊరు?"

"శంషాబాద్, ఏర్‌పోర్టు కాడ."

"మాది ఆర్మూర్ దిక్కు. మీ ఏర్‌పోర్టు కాడనే మావోళ్లు నన్ను తోలిచ్చిన్రు. నాలుగేండ్లాయె." తన సంచిలోంచి అరటిపండు తీసి ఒలిచి ఇచ్చాడు. "తిను. ఇగ ఎంతో లేదు, ఆ ఎత్తుబిల్డింగు దాటితే అయిపాయె."

"తమ్మీ, నా ఎనక ఒకాయన ఉండె, పచ్చటోపీ. చూసినవా?"

"ఆయననా? మా బండోళ్లు చెప్పిన్రు. ఫుట్‌పాత్ మీద కూసున్నడంట. బండి ఎక్కుతడు గావచ్చు."

నన్ను చూడకముందు కుంటుతూ అయినా నడిచిన మనిషి, నన్ను చూశాక కూర్చున్నాడు. నాకు కలిగిన భయం ఎంత సిగ్గుమాలినదో అంత నిజమైనది. అతను నా చెయ్యి పట్టుకొని కొంత దూరం నడిపించి వదిలాడు. తరవాత నేనే నడిచాను, పరుగెత్తాను, నడిచాను.

గడువుకు కొంచెం ముందు గీత దాటాను. ఒక పిల్ల మెడలో పతకం వేసింది. కుర్చీలు మడుస్తున్నారు, పాటల డబ్బాలు బండికి ఎక్కిస్తున్నారు. నాకోసం చూసేవాళ్లు లేరని ముందే తెలుసు కాబట్టి నేనే ఒకరికోసం చూద్దామని గట్టు మీద కూర్చున్నాను. గడువు అయిపోయింది, రోడ్డు మీద కార్లు మొదలయ్యాయి. పతకాలు వేసే పిల్ల అట్టపెట్టె మూసి నా దగ్గరికి వచ్చి, మీకేమైనా సాయం కావాలా అంది. ఇంకొకరు రావాలి అన్నాను. మీవాళ్లా అంది. అవునన్నాను. ఆ పిల్ల పెట్టెలోంచి ఒక పతకం తీసి చేతిలో పట్టుకొని నా పక్కన నిలబడింది.

చాలాసేపటికి ఫుట్‌పాత్ మీద పచ్చటోపీ కనిపించింది. బండి ఎక్కలేదు. బూట్లు విప్పి చేతిలో పట్టుకొని మేజోళ్లతో నడిచి వస్తున్నాడు. నేను లేచి, కాళ్లు మాట వినకపోయినా, ఆయనకు ఎదురుగా నడిచి పోయాను. ఈసారి తల ఎత్తుకొని, ఆయన ముఖం చూస్తూ.

ఆయన పతకం వేయించుకొని, కూలబడి, నాతో వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పింది ఇది. అవతలివైపు పోయేటప్పుడు ఇక ఈ రోడ్డుకు మలుపు లేదేమో అనిపించిందట. ఒక్క మనిషీ ఎదురు రావడం లేదు, బండి ఎక్కేద్దామనుకున్నాడట. అప్పుడు నేను వచ్చాను. నువ్వు వచ్చావంటే మలుపు ఉన్నట్టే కదా, దగ్గర్లోనే ఉన్నట్టు కదా, అన్నాడు. కూర్చున్నది బూట్లు విప్పడానికట. నేను ఏడవడం చూసి, కాళ్లనొప్పి అనుకొని, తన దగ్గరున్న నొప్పిమందు ఇచ్చాడు. ఆయనది ఏ దేశమో అడగడం మరిచిపోయాను.

గదికి వచ్చి మా ఆయనకు ఫోన్ చేశాను.

"అయిపోయిందా? పానం మంచిగున్నదా?" అన్నాడు.

"మంచిగనే ఉన్న. కాళ్లే నాయి గావు."

"ఎన్నో నంబరు వచ్చినవ్?"

"చివరి నుంచి రెండో నంబరు."

ఆయన నవ్వలేదు. నేనే చెప్పాను, వేలమంది ఎదురొచ్చారని, చివరాయనకు నేను ఎదురు పోయానని. అటువైపు బర్రె మెడలోని గంట చప్పుడు వినిపించింది.

"ఆయనకేమైంది?" అన్నాడు.

"చేరిండు. ఆలస్యంగనన్న చేరిండు."

"మంచిది," అని ఫోన్ పెట్టేశాడు. ఆ మంచిది ఎవరికో, దేనికో నాకు అర్థం కాలేదు.

మర్నాడంతా గదిలోనే పడుకున్నాను. ఆ మర్నాడు మధ్యాహ్నం శంషాబాద్ ఏర్‌పోర్టులో దిగాను. బయటికి వచ్చే దారి పొడుగునా దండలు పట్టుకున్న జనం. నేను బయటికి రాగానే ఒక ముసలామె చెయ్యి ఎత్తింది, నా వెనక వస్తున్న కొడుకు కోసం. నేను పక్కకు తప్పుకొని, నగరానికి పోయే బస్సెక్కి మా ఊళ్లో దిగాను. సామాను తక్కువైతే కారుకంటే అదే నయం. ఇంట్లో మా ఆయన పతకాన్ని అరచేతిలో పెట్టి బరువు చూసి, "ఇత్తడా?" అన్నాడు. ఏమో అన్నాను. దాన్ని కొట్టంలో లాంతరు తగిలించే మేకుకు తగిలించాడు.

రెండు రోజుల తరవాత ఆయన బర్రెను కొనడానికి షాద్‌నగర్ దగ్గరి అంగడికి బయలుదేరాడు. తలకు రుమాలు చుట్టుకోవడం చూసి నేను అలవాటుగా వంటింట్లోకి పోయి గిన్నె తీసుకున్నాను. మోపెడ్ చప్పుడు కోసం చూస్తున్నాను. రాలేదు.

"ఏం జేస్తున్నవ్ లోపల?" అన్నాడు వాకిట్లోంచి.

"గిన్నె కడుగుతున్న."

"అది తర్వాత కడుగు. బిందె పట్టుకొని జర ముంగట్నుంచి రా."

గిన్నె కింద పెట్టాను. "లచ్చమ్మ ఇంట్ల లేదా?" అన్నాను.

"ఉన్నది," అన్నాడు.

బిందె నింపుకొని మెట్లు దిగడానికి చాలాసేపు పట్టింది. మారథాన్ తరవాత నాలుగైదు రోజులు మెట్లు దిగడం నరకం, తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. వీధి చివరిదాకా పోయి తిరిగాను. లచ్చమ్మ తన వాకిట్లో చీపురు పట్టుకొని నిలబడిపోయింది. మా ఆయన బండి మీద కూర్చొని, రోడ్డు వంక కాదు, నా వంకే చూస్తున్నాడు. నేను కుంటుతూ వస్తుంటే, "నిదానంగనే రా, తొందరేం లేదు" అన్నాడు.

ఆ రోజు కొన్న బర్రె తన్నుతుంది. పాలు పిండనివ్వదు, ఇప్పటికి రెండు క్యాన్లు సొట్టలు పెట్టింది. మా ఆయన దాన్ని తిడతాడు, అమ్మినవాణ్ని తిడతాడు. ఎదురొచ్చిందెవరన్న మాట ఒక్కసారీ ఎత్తలేదు. దుబాయ్‌లో నేను పడ్డ ఒంటరితనం తగ్గిపోయిందని చెప్పను. ఆ గది, ఆ ఏసీ చప్పుడు, ఎవరూ లేని ఆ గట్టు తలచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. కానీ ఇప్పుడు పొద్దున్నే నేను వెనక సందులోంచి కాక ముందు వాకిలి నుంచే పరుగు మొదలుపెడుతున్నాను. ఆయన నిండు క్యాన్లతో బయలుదేరే వేళకే.

ఇట్లాంటి పరుగుకు పోదామనుకునే నెమ్మది మనుషులకు ఒక్క సలహా. పోయిన రోడ్డునే తిరిగి రావలసిన దారి అయితే, మలుపు తిరిగాక కంచెవైపు పోకండి. నడుమనున్న డబ్బాలకు ఆనుకొని, తల ఎత్తి పరుగెత్తండి. మీ వెనక ఇంకా ఒకరు ఉంటారు. మీ ముఖం వాళ్లకు కనబడాలి.